రెండిళ్ళ మాత్ర

చిన్నమ్మలు పిన్ని పాత పోపుల డబ్బా మూత తీసిన రోజు నాకు వచ్చినంత కోపం, నా పెళ్ళిచూపుల్లో పకోడీలు మెత్తబడ్డాయన్న పెద్దమనిషి మీద కూడా రాలేదు. ఆవాలు, మెంతులు ఉండాల్సిన చిన్న గిన్నెల్లో తెల్ల మాత్రలున్నాయి. ఒక దాంట్లోవి పిన్ని కొడుకు గిరీష్‌వి. పక్క దాంట్లోవి ఎదురింటి కమలత్త కొడుకు సురేంద్రనాథ్‌వి. కొత్తగా చేయించుకున్న గాజులు చూపించినట్టు పిన్ని వాటిని నాకు చూపించి మురిసిపోతోంది.

ఆ మాత్రలు ఎవరివి వాళ్ళే మింగాలి. ఇంకొకరికి ఒక్కటి కూడా ఇవ్వకూడదు. ఆ సంగతి ఈ రెండిళ్ళవాళ్ళకీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది ఎవరో కాదు, నేనే.

నేను పుట్టి పెరిగింది ఛత్తీస్‌గఢ్‌లో, ఉక్కు ప్లాంటున్న ఊళ్ళో, ఖుర్సీపార్‌లో పిన్నివాళ్ళ వీధిలోనే. ఇప్పుడు అదే ఊళ్ళో వైశాలి నగర్‌లో డాక్టర్ మధులత గారి క్లినిక్‌లో పనిచేస్తున్నాను. గంజాయి మానలేక అవస్థపడే వాళ్ళ కోసం ఒక కొత్త మందు తయారవుతోంది. అది నిజంగా పనిచేస్తుందా లేదా అని కొన్ని ఊళ్ళల్లో పరీక్షిస్తున్నారు. అందులో మా క్లినిక్ కూడా ఉంది. ఇన్నాళ్ళూ గంజాయికంటూ వేరే మందు లేదు. నిద్రపట్టకపోతే ఒకటి, చిరాకు ఎక్కువైతే ఒకటి రాసిచ్చి, కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పి పంపడమే. గంజాయి మెదడులో ఒక తలుపు తడుతుందనీ, ఈ కొత్త మందు ఆ తలుపుకి తాళం వెయ్యకుండా గొళ్ళెం మాత్రం కాస్త బిగిస్తుందనీ డాక్టరుగారు నాకు చెప్పారు. నేను వచ్చినవాళ్ళందరికీ తెలుగులోనూ, హిందీలోనూ, రాయపూర్ వైపు నుంచి వస్తే ఛత్తీస్‌గఢీలోనూ అదే చెబుతాను. సత్యశ్రీ చెబితే రాయికైనా అర్థమవుతుందని క్లినిక్‌లో నాకు పేరు. ఆ పేరే నా కొంప ముంచింది.

గిరీష్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద క్రేన్ నడిపేవాడు. కింద నుంచి చూస్తే మెడ నొప్పిపుట్టేంత ఎత్తులో కేబిన్. వాడి చేతి కింద ఎర్రగా కాలే ఇనుము, ఆ ఇనుము కింద మనుషులు. ఒక ఉదయం వాడు ఎర్రబడ్డ కళ్ళతో గేటు దగ్గరికి వెళ్ళాడు. సూపర్‌వైజర్ ఆపి, పక్కకి తీసుకుపోయి, గేట్ పాస్ అడిగి తీసుకున్నాడు. గంజాయి మానేసి, మానేసినట్టు డాక్టరు చేత చెప్పించుకుని రా, అప్పుడు ఇస్తాను అన్నాడట. మంచివాడు కాబట్టి అంతటితో పోయింది. గిరీష్‌కి ఆ క్రేన్ అంటే పిచ్చి ప్రేమ. చిన్నప్పుడు మంచం కోడుకి తాడు కట్టి చెంబులు పైకి లాగుతూ ఆడుకున్న వాడు. పాస్ పోయాక పొద్దెక్కేదాకా మంచం మీదే పడుకుని, కప్పు వైపు చూస్తూ ఉండేవాడు. వాడు మళ్ళీ క్రేన్ ఎక్కాలి. ఆ ఇంట్లో ఇంకో కోరికంటూ లేదు.

సురేంద్రనాథ్‌ని వీధంతా సూరి అంటుంది. వాడికి పవర్ హౌస్ బజారులో మొబైళ్ళు బాగుచేసే కొట్టు ఉంది. తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యాడు. వాళ్ళు తెలుగు చర్చికి వెళ్తారు, ఎదురింటివాళ్ళు పైడితల్లమ్మకి మొక్కుతారు. గంజాయి మొదటిసారి ఇద్దరూ కలిసే పీల్చారు. ఆ తర్వాత కూడా ఏది దొరికినా నీకు సగం, నాకు సగం. మానడానికి మా క్లినిక్‌కి వచ్చినప్పుడు కూడా ఒకే బండి మీద వచ్చారు. వెనకాలే ఆటోలో ఇద్దరి తల్లులూ వచ్చారు.

ఇక్కడ మా వీధి అలవాటు ఒకటి చెప్పాలి. ఎవరింటి నుంచైనా ఒక గిన్నె వస్తే అది ఉత్తిగా తిరిగి వెళ్ళదు. పిన్ని ఆవ పెట్టిన పనసపొట్టు కూర పంపిస్తే, అదే గిన్నెలో కమలత్త కేకు ముక్కలు పెట్టి పంపుతుంది. ఏమీ చెయ్యని రోజైతే గుప్పెడు పంచదారైనా పోస్తుంది. విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి పెద్దవాళ్ళు ఉద్యోగాల కోసం వచ్చినప్పుడు ఒకరింట్లో ఉప్పుంటే ఇంకొకరింట్లో పప్పుండేదట. అలా మొదలైంది. ఇప్పుడు రెండిళ్ళల్లోనూ ఫ్రిజ్‌లు నిండుగా ఉన్నా గిన్నె మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దాని అంచు మీద చిన్నమ్మలు అని పేరు చెక్కి ఉంటుంది గాని, అది ఎక్కువ రోజులు కమలత్త వంటింట్లోనే ఉంటుంది.

ఆ రోజు క్లినిక్‌లో నేను నలుగురినీ కూర్చోబెట్టి చెప్పాను. కొందరికి మందున్న మాత్ర వస్తుంది, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర వస్తుంది. ఎవరిది ఏదో నాకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. చివర్లో అందరినీ పోల్చి చూస్తే అప్పుడు మందు సంగతి తేలుతుంది. అలా అయితే మా సూరికి ఉత్తి మాత్ర రావచ్చా అని కమలత్త అడిగింది. రావచ్చు అన్నాను. మరి మా గిరీష్‌కి అని పిన్ని అడిగింది. రావచ్చు అన్నాను. తల్లులిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, తలలూపి, ఇంకేమీ అడగలేదు. ఎంత బాగా అర్థం చేసుకున్నారో అనుకుని నేను సంతోషపడ్డాను. నిజమే, కావలసిన దానికన్నా బాగానే అర్థం చేసుకున్నారు.

ఇంటికి వచ్చి చూడడం కూడా మా పనిలో భాగం కాబట్టి, మాత్రలు మొదలైన కొన్ని వారాలకి పిన్ని ఇంటికి వచ్చాను. వచ్చి పోపుల డబ్బా చూశాను.

"ఇదేటి పిన్నీ?" అన్నాను.

"ఏటుంది అమ్మీ. ఒక రోజు మా గుంటడి సీసాలోవి ఇద్దరికీ. ఒక రోజు కమలొదిన కొడుకు సీసాలోవి ఇద్దరికీ. ఎవుడిది ఉత్తిదైనా, ఎవుడూ ఉత్తిగా ఉండిపోడు కదా."

పిన్ని మిగతాది కూడా హుషారుగా చెప్పుకుపోయింది. మాత్ర తిండి తిన్నాక వేసుకోమన్నాం కాబట్టి, ఆ రోజు ఎవరి మాత్ర అయితే వాళ్ళింట్లోనే ఇద్దరికీ టిఫిను. ఒక రోజు ఇక్కడ దిబ్బరొట్టె, ఒక రోజు అక్కడ బియ్యప్పిండి చీలా అట్లు, పచ్చడి. క్లినిక్‌కి వచ్చే రోజు మాత్రం మిగిలినవి ఎవరివి వాళ్ళ సీసాల్లో పోసి పంపేవారు. నేను చూసినప్పుడల్లా రెండు సీసాలూ సరిగ్గా ఉండేవి. మాత్రలు వేసుకోవడంలో ఈ ఇద్దరంత బుద్ధిమంతులు లేరని డాక్టరుగారి దగ్గర మెచ్చుకున్నాను కూడా.

మొదట్లో కుర్రాళ్ళిద్దరూ నరకం చూశారట. గంజాయి మానిన కొత్తలో అన్నం సయించదు, చెమటలు, ఊరికే కోపం. గిరీష్ ఒకసారి కంచం నెట్టేశాడు. సూరి కుర్చీ తన్నాడు. అయినా ఒకడు తినకుండా ఇంకొకడు లేవడానికి తల్లులు ఒప్పుకోలేదు. ఎదురెదురుగా కూర్చుని ఒకడి చిరాకు ఒకడు చూసుకుంటూ, కొన్నాళ్ళకి నవ్వుకోవడం మొదలుపెట్టారు. తర్వాత గిరీష్ దిబ్బరొట్టె మొత్తం ఒక్కడే తినేసి ఇంకోటి ఉందా అని అడిగాడు. ఆ మాట చెబుతున్నప్పుడు పిన్ని కళ్ళు తుడుచుకుంది. నా కోపం సగం అక్కడే దిగిపోయింది గాని, బయటికి ఒప్పుకోలేదు. ఇది డాక్టరుగారికి చెప్పక తప్పదు అన్నాను.

పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "సెప్పీకు అమ్మీ. మందు ఆపేత్తారు. ఆడిప్పుడిప్పుడే అన్నం తింతన్నాడు."

ఆ చెయ్యి విడిపించుకుని స్కూటరెక్కడం నాకు చాలా కష్టమైంది. దారి పొడుగునా ఆ ఇద్దరు తల్లులనీ, వాళ్ళ గిన్నెనీ, వాళ్ళ దిబ్బరొట్టెనీ తిట్టుకుంటూనే వెళ్ళాను. చెప్పకుండా ఉంటే గిరీష్ మాత్ర ఆగదు. కాని ఈ తప్పుడు లెక్క రేపు ఆ మందు వాడబోయే వాళ్ళ నెత్తి మీద పడుతుంది. గిరీష్ లాంటి వాళ్ళు, సూరి లాంటి వాళ్ళు, వాళ్ళ తల్లులు ఎక్కడెక్కడో ఉంటారు. వాళ్ళు నాకేం అన్యాయం చేశారు? అందుకని చెప్పేశాను.

మధులత గారు ముందు లేచి నిలబడ్డారు. తర్వాత కూర్చున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, ఆపుకోలేక నవ్వి, చివరికి తల పట్టుకున్నారు. ఇంత చదువుకుని, ఇన్ని నియమాలు రాసి, గిన్నె ఉత్తిగా పంపకూడదన్న వీధి ఒకటి ఉంటుందని ఎవరమూ అనుకోలేదు అన్నారు. ఆ తర్వాత చెయ్యవలసింది చేశారు. పరీక్ష బాగోగులు చూసే కమిటీకి ఉన్నదున్నట్టు తెలియజేశారు. అక్కడి నుంచి వచ్చిన నిర్ణయం పిన్ని భయపడ్డట్టే ఉంది. ఇద్దరికీ మాత్రలు ఆపాలి. వాళ్ళని ఫలితాల్లో కలపకూడదు. క్లినిక్‌కి రావడం, పరీక్షలు, మాట్లాడడం మాత్రం అందరితో పాటే చివరిదాకా కొనసాగించాలి.

ఆ కబురు చెప్పడానికి వెళ్తే పిన్ని నాకు టీ ఇవ్వలేదు. నా జన్మలో ఆ ఇంట్లో టీ తాగకుండా వచ్చింది ఆ ఒక్కసారే. కమలత్త గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఇద్దరు తల్లులూ కలిసి నన్ను చూసిన చూపుకి, పోపుల డబ్బాలో దాక్కోవాలనిపించింది. నేను మాత్రలు సంచీలో వేసుకుంటుంటే గిరీష్ తలుపుకి ఆనుకుని అంతా విన్నాడు. వాడికి తెలుగు కన్నా హిందీ బాగా వచ్చు. కష్టమైన మాట వస్తే హిందీలోకి దిగుతాడు.

"దీదీ, గోలీ బంద్. ఠీక్ హై. కాని నాస్తా బంద్ కాదు కదా?"

కాదన్నాను. టిఫిను మానెయ్యమని ఏ కమిటీ చెప్పలేదు.

అలా మాత్ర లేకుండానే ఒక రోజు ఈ ఇంట్లో, ఒక రోజు ఆ ఇంట్లో కూర్చోవడం కొనసాగింది. తినడమయ్యాక చెయ్యి చాపడం ఇద్దరికీ అలవాటైపోయింది. ఆ చేతిలో పిన్ని చిన్న బెల్లం ముక్క పెట్టేది. కమలత్త జీడిపప్పు పెట్టేది. క్లినిక్‌కి వచ్చిన ప్రతిసారీ మూత్ర పరీక్ష చేశాం. ఒక్కసారి కూడా గంజాయి జాడ కనిపించలేదు. ఒకసారి గిరీష్ పాత స్నేహితుల దగ్గరికి వెళ్ళబోయి సగం దారిలో వెనక్కి వచ్చేశానని చెప్పాడు. ఎందుకు వచ్చేశావని అడిగితే, రేపు సూరి ఎదురుగా కూర్చోవాలి కదా అన్నాడు. నాకు భలే ముద్దొచ్చాడు.

చివరికి మధులత గారు గిరీష్‌కి కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. సూపర్‌వైజర్ అది చదివి, వాడి కళ్ళలోకి చూసి, తన డ్రాయర్‌లో జాగ్రత్తగా దాచిన పాత పాస్ తీసి ఇచ్చాడట. మొదటి షిఫ్టు నుంచి గిరీష్ వచ్చేసరికి వీధిలో సగం మంది గుమ్మాల్లో ఉన్నారు. వాడు తిన్నగా వచ్చి తల్లి ఒళ్ళో తలపెట్టి పడుకున్నాడు. కాసేపటికి లేచి, పైనుంచి చూస్తే అందరి హెల్మెట్లూ బూందీ లడ్డూల్లా ఉన్నాయి అన్నాడు. పిన్ని ఆ సాయంత్రం వీధి వీధంతా పరమాన్నం పంచింది. పేరు చెక్కిన గిన్నె నిండా పోసి ముందుగా కమలత్తకి పంపింది. నాకు టీ కూడా ఇచ్చింది, రెండుసార్లు.

కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. కాని పరీక్ష పూర్తయ్యాక ఎవరికి ఏ మాత్ర వచ్చిందో చెప్పాలి. ఆ మందు మంచిదేనని తేలింది. మందున్న మాత్ర వేసుకున్న వాళ్ళల్లో ఎక్కువమంది బాగా తగ్గించారు, కొందరు పూర్తిగా మానేశారు. అద్భుతం కాదు గాని, ఇన్నాళ్ళూ చేతిలో ఏమీ లేని మాకు అది పండగే. డాక్టరుగారు స్వీట్ల డబ్బా తెప్పించారు. గిరీష్‌నీ సూరినీ విడివిడిగా పిలిచి చెబుతామంటే తల్లులు ఒప్పుకోలేదు. కలిసి మింగినవి కలిసే వింటారట.

గిరీష్ సీసాలోది అసలు మందు. సూరి సీసాలోది ఉత్తి మాత్ర.

అంటే మాత్రలు ఆపేదాకా రోజు విడిచి రోజు ఇద్దరికీ మందు పడింది, రోజు విడిచి రోజు ఏమీ పడలేదు. సగం మందుతోనే ఇద్దరూ నిలబడ్డారన్నమాట. ఇద్దరు మనుషులతో ఏదీ రుజువు కాదని డాక్టరుగారు మాకు గట్టిగా చెప్పారు. చెబుతూనే, తర్వాతి పరీక్షలో సగం మోతాదు కూడా చూడమని కంపెనీవాళ్ళని అడుగుతానని కాగితం మీద రాసుకున్నారు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. నేను కూడా ఆ వెలుగులోనే ఉండి కమలత్త మొహం చూడలేదు. చూసేసరికి ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగుతోంది.

ఆ రోజు నుంచి కమలత్త గుమ్మానికి పరదా వేసే ఉంది. పిన్ని చివరిసారి కూర పెట్టి పంపిన గిన్నె తిరిగి రాలేదు. మా వీధిలో అది చిన్న విషయం కాదు. ఆమె ఇంట్లో ఒకటే మాట అంటోందని సూరి నాతో చెప్పాడు. వాళ్ళ అబ్బాయి మందు సగం మనం తినేశాం, వాళ్ళకి మనం ఉత్తివి పెట్టాం, ఏ మొహం పెట్టుకుని గిన్నె పంపను, ఏం వండి పంపితే సరిపోతుంది. పొద్దున్న టిఫిన్లు కూడా ఆగిపోయాయి. సూరి కొట్టు తొందరగా తెరుస్తున్నాడు. నేను ఒక ఉదయం వెళ్ళేసరికి గిరీష్ ఒక్కడే కూర్చుని, దిబ్బరొట్టె తుంపి కంచంలోనే అటూ ఇటూ జరుపుతున్నాడు. నిన్న షిఫ్టు తర్వాత ఎక్కడికెళ్ళావని తల్లి అడిగితే ఎక్కడికీ లేదని విసుక్కున్నాడు. మొదటి రోజుల్లో కంచం నెట్టేసింది ఇలాంటి మొహంతోనే అయ్యుంటుంది.

పిన్ని కూడా అది చూసింది. పొయ్యి ఆపింది. చెయ్యి కడుక్కుని, చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటింది. నేను వెనకాలే పరిగెత్తాను. ఆవిడ పరదా పక్కకి లాగి గుమ్మంలో నిలబడింది. కమలత్త వంటింట్లోంచి వచ్చి మమ్మల్ని చూసి గోడకి ఒదిగిపోయింది. స్టవ్ పక్కన ఆ గిన్నె తోమి బోర్లించి ఉంది.

"వదినా, నా గిన్నె ఇయ్యి."

"ఉండు వదినా, ఏదో ఒకటి సేసి ఇత్తాను. ఉత్తిగా ఎలగిత్తాను?"

"ఉత్తిదే ఇయ్యి." పిన్ని గొంతు కోపంగానే ఉంది, కళ్ళు మాత్రం నిండిపోయాయి. "నీ ఇంటి మాత్ర మింగిన రోజున మా గుంటడు గంజాయి ముట్టినాడా? నేదు. మా ఇంటి మాత్ర మింగిన రోజున నీ కొడుకు ముట్టినాడా? నేదు. మరి ఏ రోజు ఉత్తిదో నువ్వే సెప్పు."

కమలత్త జవాబు కోసం నా వైపు చూసింది. క్లినిక్‌లో పనిచేసేదాన్ని నేనే కదా. నిన్నటి మందు ఇవాళ కూడా ఒంట్లో కొంత ఉంటుందని నాకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నా జీవితంలో అన్నీ వివరంగా చెప్పి తెచ్చుకున్నది చాలనుకుని, నోరు మూసుకున్నాను.

కమలత్త గిన్నె తీసింది. అలవాటు కొద్దీ ఆవిడ ఇంకో చెయ్యి పంచదార డబ్బా మీదికి వెళ్ళింది. పిన్ని ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత కమలత్త నవ్వింది, ఏడ్చింది, ఉత్తి గిన్నె పిన్ని చేతుల్లో పెట్టింది.

పిన్ని దాన్ని అందరికీ కనిపించేలా బోర్లించి పట్టుకుని వీధి మధ్యలోంచి నడిచింది. గుమ్మాల్లో ఉన్నవాళ్ళు పని మానేసి చూశారు. మా వీధిలో ఉత్తి గిన్నె పట్టుకుని అంత గర్వంగా నడిచిన మనిషిని ఎవరూ చూసి ఉండరు. ఆవిడ తన గుమ్మం ఎక్కబోతుండగా వెనక నుంచి కమలత్త గొంతు వినిపించింది.

"వదినా, రేపు మా ఇంటి రోజు. గిరీష్‌ని తొందరగా పంపు, సూరిగాడు ఎదురుగా కూకుంటాడు."